మున్సిపల్ ఫలితాలు ఎలా చదవాలి? జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లెక్కలు

మున్సిపల్ ఎన్నికల్లో ఓటరు వేసేది ఒక్క ఓటే. జరిగేవి మాత్రం రెండు ఎన్నికలు. మొదటిది వార్డులో జరుగుతుంది, అందులో మనం కౌన్సిలర్‌ను ఎన్నుకుంటాం. రెండోది రెండు మూడు రోజుల తర్వాత మున్సిపల్ ఆఫీసు మీటింగ్ హాల్లో జరుగుతుంది. అక్కడ చైర్‌పర్సన్‌ను, వైస్ చైర్‌పర్సన్‌ను ఎన్నుకుంటారు. ఆ హాల్లో సామాన్య ఓటరు ఉండడు. కౌన్సిలర్లతో పాటు ఎమ్మెల్యే, ఎంపీ, ఎమ్మెల్సీ కూడా చేతులెత్తొచ్చు.

కౌంటింగ్ రోజు టీవీలో కనిపించే "ఫలానా పార్టీకి ఇన్ని వార్డులు" అనే లెక్క సగం ఫలితమే. మిగతా సగం అర్థం కావాలంటే ఉమ్మడి వరంగల్ జిల్లాలోని మూడు జిల్లా కేంద్రాల 2020 ఫలితాలు తీసుకుంటే సరిపోతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా నుంచి విడిపోయి జిల్లా కేంద్రాలైన పట్టణాలే. మూడింటిలోనూ చైర్‌పర్సన్ పీఠం ఒకే పార్టీకి దక్కింది. అక్కడికి చేరిన దారి మాత్రం మూడు చోట్లా ఒకేలా లేదు.

ఎన్నిక ఎప్పుడు, ఎలా జరిగింది

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 వచ్చిన తర్వాత జరిగిన మొదటి పెద్ద ఎన్నిక ఇది. 120 మున్సిపాలిటీలు, 9 కార్పొరేషన్లకు 2020 జనవరి 22న పోలింగ్ జరిగింది. జనవరి 25న ఓట్లు లెక్కించారు. జనవరి 27న చైర్‌పర్సన్ల, మేయర్ల ఎన్నిక పెట్టారు. కరీంనగర్ కార్పొరేషన్‌కు మాత్రం రెండు రోజుల తేడాతో జనవరి 24న పోలింగ్ జరిగింది. అప్పుడు రాష్ట్ర ఎన్నికల కమిషనర్ వి. నాగిరెడ్డి. ఈవీఎంలు కాకుండా బ్యాలెట్ పేపర్లు వాడారు. మున్సిపాలిటీల్లో పోలింగ్ 70 శాతం దాటింది.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఆ రోజు ఎన్నికలు జరిగిన మున్సిపాలిటీలు 9, వార్డులు 200. జనగామ జిల్లాలో జనగామ ఒక్కటే, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో భూపాలపల్లి ఒక్కటే. మహబూబాబాద్ జిల్లాలో మాత్రం నాలుగున్నాయి: మహబూబాబాద్, డోర్నకల్, మరిపెడ, తొర్రూరు. మిగతా మూడు నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట. వరంగల్ నగరం ఈ విడతలో లేదు. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌కు 2021 ఏప్రిల్ 30న వేరుగా ఎన్నికలు జరిగాయి.

రాష్ట్రమంతటా టీఆర్ఎస్ వందకు పైగా మున్సిపాలిటీలు గెలిచింది. ఉమ్మడి వరంగల్‌లో తొమ్మిదికి తొమ్మిది ఆ పార్టీ ఖాతాలోకే వెళ్లాయి. (ఈ పార్టీయే 2022 అక్టోబర్‌లో బీఆర్ఎస్‌గా పేరు మార్చుకుంది.) తొమ్మిదికి తొమ్మిది అని చదివితే అంతటా గాలి ఒక్క వైపే వీచింది అనిపిస్తుంది. వార్డుల లెక్క తీస్తే అట్ల లేదు.

జనగామ: 13తో కుర్చీ

జనగామ 2011 లెక్కల ప్రకారం సుమారు 52 వేల జనాభా ఉన్న పట్టణం. హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే రోడ్డు మీద, రైలు మార్గం మీద ఉంటుంది. పెంబర్తి ఇత్తడి పనికి దగ్గరి పట్టణం. 30 వార్డుల్లో ఫలితం ఇది:

టీఆర్ఎస్ 13
కాంగ్రెస్ 10
బీజేపీ 4
ఇండిపెండెంట్లు 3

30లో స్పష్టమైన మెజారిటీ అంటే 16. పెద్ద పార్టీకి వచ్చినవి 13. అంటే మూడు తక్కువ. ప్రతిపక్షాలు, ఇండిపెండెంట్లు కలిపితే 17. దీన్నే మన దగ్గర హంగ్ అంటారు.

ఇక హాల్లోకి వద్దాం. ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఓటు హక్కు ఉన్నవాళ్లు ఉంటారు. అప్పటి జనగామ ఎమ్మెల్యే ముత్తిరెడ్డి యాదగిరిరెడ్డి టీఆర్ఎస్. జనగామ భువనగిరి లోక్‌సభ నియోజకవర్గంలోకి వస్తుంది, అప్పటి ఎంపీ కోమటిరెడ్డి వెంకటరెడ్డి కాంగ్రెస్. ఈ ఇద్దరూ జనగామనే ఎంచుకుని ఓటేస్తారనుకుంటే లెక్క 14కు 11 అవుతుంది. అంటే ఎమ్మెల్యే, ఎంపీల ఓట్లు ఒకదానికొకటి చెల్లు. నిర్ణయం చివరికి ఏడుగురి చేతిలోకి పోతుంది: నలుగురు బీజేపీ, ముగ్గురు ఇండిపెండెంట్లు. వీళ్లు ఒక వైపు పోతే ఒక ఫలితం, ఇంకో వైపు పోతే ఇంకో ఫలితం, ఎటూ పోకుండా కూర్చుంటే మూడో ఫలితం.

చివరికి టీఆర్ఎస్ అభ్యర్థి పోకల జమున చైర్‌పర్సన్ అయ్యారు. అప్పుడు ఓటరు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. పట్టణంలో 17 వార్డుల జనం పాలక పార్టీ కాని అభ్యర్థిని గెలిపించారు. ఇది తప్పు అని కాదు, చట్టం అట్లనే ఉంది. కానీ "జనగామ ఫలానా పార్టీది" అని రాసే ముందు ఈ 17 అంకెను కూడా పక్కన రాయాలి.

మహబూబాబాద్: సగం దాటితే చాలు

మానుకోట అని అందరూ పిలిచే మహబూబాబాద్‌లో 36 వార్డులు. మూడు పట్టణాల్లో ఇదే పెద్ద కౌన్సిల్. అసెంబ్లీ, లోక్‌సభ రెండు సీట్లూ ఎస్టీలకు రిజర్వ్ అయిన ప్రాంతం. కమ్యూనిస్టు పార్టీలకు కూడా పాత బలం ఉన్న చోటు. అందుకే ఇక్కడ పోటీ రెండు పార్టీల మధ్యే ఉండదు. ఒక్కో వార్డులో ముగ్గురు నలుగురి మధ్య ఓట్లు చీలుతుంటాయి.

2020లో టీఆర్ఎస్ ఇక్కడ సగానికి పైగా వార్డులు గెలిచింది, కాంగ్రెస్ రెండో స్థానంలో నిలిచింది. అప్పటి ఎమ్మెల్యే బానోత్ శంకర్ నాయక్, ఎంపీ మాలోత్ కవిత ఇద్దరూ అదే పార్టీ. అంటే బయటివాళ్ల మద్దతు లేకుండానే పని అయిపోతుంది. డాక్టర్ పాల్వాయి రామ్మోహన్ రెడ్డి చైర్మన్ అయ్యారు.

ఇక్కడ ఒక విషయం. ఒక ఎంపీ కింద చాలా మున్సిపాలిటీలు వస్తాయి. ఎక్స్ అఫీషియో ఓటు మాత్రం ఒక్క చోటే. ఎక్కడ వేయాలో ముందే ఎంచుకుని తెలియజేయాలి. పార్టీలు ఆ ఓటును సొంత బలం ఉన్న చోట ఎందుకు ఖర్చు చేస్తాయి? తక్కువ పడ్డ చోటే వాడతాయి. హంగ్ వచ్చిన మున్సిపాలిటీల్లోనే ఎంపీలు, ఎమ్మెల్సీలు ప్రత్యక్షం కావడానికి కారణం ఇదే.

భూపాలపల్లి: లెక్క అవసరం రాని ఊరు

భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల పట్టణం. పక్కనే చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 2011లో జనాభా సుమారు 42 వేలు. ఒకప్పుడు గ్రామ పంచాయతీగా ఉన్న చోటు నగర పంచాయతీ అయి, ఆ తర్వాత 30 వార్డుల మున్సిపాలిటీ అయింది.

2020లో మూడు పట్టణాల్లోకెల్లా ఏకపక్షంగా వచ్చిన ఫలితం ఇక్కడిదే. టీఆర్ఎస్‌కు భారీ మెజారిటీ వచ్చింది. ఎక్స్ అఫీషియో ఓటు ఉన్నా లేకపోయినా తేడా లేదు. సెగ్గెం వెంకటరాణి చైర్‌పర్సన్ అయ్యారు. కాకపోతే ఇట్లాంటి కౌన్సిల్‌లో ఇంకో సమస్య ఉంటుంది. అడిగేవాళ్లు తక్కువ. ఎజెండా మీద పది నిమిషాల్లో "ఆమోదం" అయిపోతే వార్డు మనిషికి తెలిసే అవకాశం తక్కువ. హంగ్‌లో బేరం ఎక్కువ, ఏకపక్షంలో ప్రశ్న తక్కువ. ఓటరుకు రెండూ తలనొప్పే.

వేరే ఊళ్లు నేర్పిన పాఠం

అదే జనవరిలో రాష్ట్రంలో ఇంకొన్ని ఫలితాలు ఈ రెండో ఎన్నిక బలం ఎంతో చూపించాయి.

నిజామాబాద్ కార్పొరేషన్‌లో 60 డివిజన్లు. బీజేపీకి 28, మజ్లిస్‌కు 16, టీఆర్ఎస్‌కు 13, కాంగ్రెస్‌కు 2, ఇండిపెండెంట్‌కు 1. అన్నిటికన్నా ఎక్కువ గెలిచింది బీజేపీ. కానీ మేయర్ పదవి 13 గెలిచిన టీఆర్ఎస్‌కు, డిప్యూటీ మేయర్ మజ్లిస్‌కు దక్కాయి. హైదరాబాద్ పక్కన తుక్కుగూడలో 15 వార్డుల్లో బీజేపీ 9 గెలిచింది. సగం దాటినా చైర్మన్ పదవి దక్కలేదు, ఎక్స్ అఫీషియో ఓట్లు లెక్కను తిప్పేశాయి. అదే భైంసాలో 26 వార్డుల్లో మజ్లిస్ 15 గెలిచి ఎవరి అవసరం లేకుండా పీఠం ఎక్కింది.

ఒక్కో చోట ఒక్కో పార్టీకి లాభం, ఇంకో పార్టీకి నష్టం. అందుకే దీన్ని పార్టీ కోణంలో కాకుండా నియమం కోణంలో చూడాలి. ఎక్స్ అఫీషియో ఓటుకు రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణంలో చోటు ఉంది, 2019 చట్టం దాన్ని అమలు చేసింది. ఒకప్పుడు మన దగ్గర మున్సిపల్ చైర్మన్‌ను జనమే నేరుగా ఎన్నుకున్న రోజులున్నాయి. 2005 నుంచి పరోక్ష పద్ధతే నడుస్తోంది.

ఇంగ్లండ్‌లో ఎలా ఉంటుంది

మన తెలుగు, ఉర్దూ కుటుంబాలు చాలా ఉన్న లండన్‌తో పోల్చితే తేడా తొందరగా అర్థమవుతుంది. లండన్‌లో 32 బరోలు ఉన్నాయి, బరో అంటే మన మున్సిపాలిటీ లాంటిదే. నాలుగేళ్లకోసారి ఎన్నికలు. 2022 మే 5న అన్నిటికీ ఒకే రోజు జరిగాయి. అక్కడ ఒక వార్డు నుంచి ఒక్కరు కాదు, చాలా చోట్ల ఇద్దరు ముగ్గురు కౌన్సిలర్లు గెలుస్తారు. గెలిచిన కౌన్సిలర్లు తమలో నుంచి లీడర్‌ను ఎన్నుకుంటారు. క్రోయిడన్, టవర్ హామ్లెట్స్ లాంటి కొన్ని చోట్ల మాత్రం మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకుంటారు.

ఏ పార్టీకీ సగం రాకపోతే "నో ఓవరాల్ కంట్రోల్" అని ఫలితాల పట్టికలోనే రాస్తారు. అంటే హంగ్‌ను దాచిపెట్టరు, అదొక ఫలితంగానే ప్రకటిస్తారు. ఆ ప్రాంత ఎంపీ తన పదవి పేరుతో కౌన్సిల్‌లో ఓటు వేయడం ఉండదు. ఇంకో సంగతి, అక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులు కామన్వెల్త్ పౌరులుగా ఓటరు జాబితాలో పేరు రాయించుకుని ఓటు వేయొచ్చు. చదువు కోసం, ఉద్యోగం కోసం వెళ్లినవాళ్లలో చాలామంది ఈ హక్కు వాడుకోరు.

మైనారిటీలకు రెండు కుర్చీలు, ఓటు లేకుండా

మన పాఠకులు ఎక్కువగా అడిగేది ఈ విషయమే. 2019 చట్టం ప్రకారం మున్సిపాలిటీలో నలుగురు కో-ఆప్షన్ సభ్యులు ఉంటారు. అందులో ఇద్దరు మైనారిటీల నుంచి, వాళ్లలో ఒకరు మహిళ. వీళ్లను జనం ఎన్నుకోరు, గెలిచిన కౌన్సిల్ ఎన్నుకుంటుంది. మీటింగ్‌లో కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు. చైర్‌పర్సన్ ఎన్నికలో గానీ, తీర్మానం మీద గానీ ఓటు లేదు.

ఎక్స్ అఫీషియో సభ్యుడికి ఓటు ఉంది. కో-ఆప్షన్ సభ్యుడికి లేదు. ఇద్దరూ వార్డులో గెలిచి వచ్చినవాళ్లు కాదు, కానీ తూకం వేరు. జనగామ లాంటి హంగ్ కౌన్సిల్‌లో 13, 10, 4, 3 అని లెక్కలు కడుతుంటే, కో-ఆప్షన్ సీట్లు కూడా బేరంలో భాగమై గెలిచిన వైపు సన్నిహితులకు పోయే ప్రమాదం ఎక్కడైనా ఉంటుంది.

అందుకని ఆ కుర్చీలు పనికిరానివని అనుకోవద్దు. ఖబ్రస్తాన్ ప్రహరీ, ఈద్‌గాహ్ దారి, వీధి దీపాలు, షాదీఖానా మరమ్మతు లాంటివి ఎజెండాలోకి రావాలంటే ఎవరో ఒకరు మీటింగ్‌లో లేచి చెప్పాలి, మినిట్స్‌లో రాయించాలి. ఓటు లేకపోయినా రికార్డు ఉంటుంది. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాషగా చేశారు. మున్సిపల్ నోటీసులు ఉర్దూలో కూడా కావాలని అడగడానికి ఆ ఆధారం ఉంది. అడగాల్సింది ఎవరు? మొదట ఈ ఇద్దరే.

ఐదేళ్లు అదే లెక్క నిలుస్తుందా?

నిలవదు. చైర్‌పర్సన్ మీద అవిశ్వాసం పెట్టాలంటే 2019 చట్టం ప్రకారం మూడేళ్లు ఆగాలి. ఆ తర్వాత సగం మంది సభ్యులు సంతకాలు చేసి కలెక్టర్‌కు నోటీసు ఇవ్వొచ్చు. నెగ్గాలంటే మూడింట రెండు వంతులు కావాలి. 30 మంది కౌన్సిలర్లున్న చోట ఎక్స్ అఫీషియోలను పక్కన పెడితే అది 20.

2020 జనవరికి మూడేళ్లు కలిపితే 2023 జనవరి. ఈ మూడేళ్లను నాలుగేళ్లు చేస్తూ 2022లో అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది, అది గవర్నర్ దగ్గర ఆగిపోయింది. దాంతో 2023 మొదట్లోనే రాష్ట్రంలో చాలా మున్సిపాలిటీల్లో అవిశ్వాసాల కాలం మొదలైంది. 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారాక రెండో అల వచ్చింది.

ఎమ్మెల్యేలు కూడా మారారు. 2023లో జనగామ నుంచి బీఆర్ఎస్ అభ్యర్థి పల్లా రాజేశ్వర్ రెడ్డి, మహబూబాబాద్ నుంచి కాంగ్రెస్ అభ్యర్థి మురళీ నాయక్, భూపాలపల్లి నుంచి కాంగ్రెస్ అభ్యర్థి గండ్ర సత్యనారాయణరావు గెలిచారు. అంటే ఎక్స్ అఫీషియో కుర్చీలో కూర్చునే మనిషి, పార్టీ రెండూ మధ్యలోనే మారొచ్చు. వార్డు ఓటరు మళ్లీ ఓటేయకుండానే కౌన్సిల్ బలాబలాలు మారిపోతాయి.

కౌన్సిల్ లేకపోతే ఏం పోతుంది

2020లో ఏర్పడిన పాలకవర్గాల గడువు 2025 జనవరి 26తో ముగిసింది. మరుసటి రోజు నుంచి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. రాజ్యాంగం 243యూ అధికరణం మాత్రం ఐదేళ్లు పూర్తయ్యేలోపే కొత్త ఎన్నిక జరగాలని చెప్తుంది.

ఆఫీసు నడుస్తది కదా, చెత్త బండి వస్తది కదా, ఇంక నష్టమేంది అని కొందరు అంటారు. మూడు నష్టాలున్నాయి.

ఒకటి, డబ్బు. 2021 నుంచి 2026 వరకు వర్తించిన 15వ ఆర్థిక సంఘం గ్రాంట్లకు ఎన్నికైన పాలకవర్గం ఉండటం ఒక షరతుగా ఉండేది. కౌన్సిల్ లేకపోతే కేంద్రం నుంచి వచ్చే నిధులకు అడ్డు పడుతుంది. అప్పుడు పట్టణం సొంత పన్నుల మీద, రాష్ట్రం ఇచ్చేదాని మీద ఆధారపడాలి.

రెండు, జవాబుదారీ. ప్రత్యేకాధికారికి జిల్లాలో ఇంకో పది పనులుంటాయి. 17వ వార్డులో నల్లా పగిలితే ఆయన ఇంటి ముందు నిలబడలేం. కౌన్సిలర్ ఇంటి ముందు నిలబడొచ్చు.

మూడు, గొంతు. కౌన్సిల్ పోతే కో-ఆప్షన్ సభ్యులూ పోతారు. ప్రతి వార్డుకు చట్టం చెప్పిన నాలుగు వార్డు కమిటీలు (యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖులు) కూడా కాగితం మీదే మిగులుతాయి. ఒక్కో కమిటీలో 15 మంది అంటే వార్డుకు 60 మంది. 30 వార్డులకు 1800 మంది. ఇంతమందికి మాట్లాడే చోటు ఇవ్వాలని చట్టం రాసింది.

ఫలితాలు వచ్చిన రోజు అడగాల్సిన ప్రశ్నలు

ఏ సంవత్సరం ఫలితాలైనా, ఏ పట్టణమైనా ఈ ఐదు లెక్కలు రాసుకుంటే బొమ్మ పూర్తిగా కనిపిస్తుంది.

1. మొత్తం వార్డులెన్ని, సగానికి ఒకటి ఎక్కువ అంటే ఎంత? పెద్ద పార్టీ ఆ అంకె దాటిందా లేదా?

2. దాటకపోతే ఎన్ని తక్కువ? ఇండిపెండెంట్లు, చిన్న పార్టీలు కలిపి ఆ లోటు తీర్చగలవా?

3. ఏ ఎమ్మెల్యే, ఏ ఎంపీ, ఏ ఎమ్మెల్సీ ఈ మున్సిపాలిటీని ఎంచుకున్నారు? పక్క మున్సిపాలిటీని ఎవరు ఎంచుకున్నారు?

4. మన వార్డులో గెలిచిన తేడా ఎన్ని ఓట్లు? రెండో స్థానంలో ఎవరు? పదులలో తేడా ఉంటే మీ వీధి ఓట్లే ఫలితం తేల్చాయని అర్థం. డిపాజిట్ దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతు రావాలి, ఎవరికి దక్కలేదో కూడా చూడండి.

5. చైర్‌పర్సన్ ఎన్నికలో మన కౌన్సిలర్ చెయ్యి ఎవరికి ఎత్తారు? పార్టీ విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోయే నిబంధన ఉంది. ఇండిపెండెంట్‌కు విప్ లేదు, అందుకే ఆయన్ను మనమే అడగాలి.

ఐదో ప్రశ్నకు జవాబు దొరకడం కష్టమేం కాదు. అది రహస్య ఓటు కాదు, చేతులెత్తి వేసే ఓటు. ఆ మీటింగ్‌కు రికార్డు ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టి ఆ మినిట్స్ కాపీ తీసుకోవచ్చు. మీ వార్డు ఓటు చివరికి ఎటు పోయిందో ఆ కాగితంలో ఉంటుంది.